రెండో కాలంలోనే ఉండరా

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సంచిక కోసం అక్కడక్కడా సవరించాను.)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మా గురువులకు, నాకు పాత పుస్తకాలు సగం ధరకు అమ్మిన అన్నలకూ అక్కలకూ, అవే పుస్తకాలు నా దగ్గర మళ్లీ సగం ధరకు కొన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

కార్యదర్శిగారు నెల క్రితం ఫోన్ చేసి, "ఇంజినీరువి కదా, కృత్రిమ మేధ మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. "అన్నా, దాని మీద మాట్లాడేవాళ్లు మన గేటు దగ్గర్నుంచి మైత్రీవనం దాకా ప్రతి మెట్ల దగ్గరా ఉన్నారు. కరపత్రం కూడా చేతిలో పెడతారు. నేను గిటారు గురించి మాట్లాడతాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే. మాట్లాడు. వాయించకు" అన్నారు. 1985 వార్షికోత్సవం రోజున ఆయన కూడా ఈ ప్రాంగణంలోనే ఉన్నారు మరి.

ఆ రోజు లేనివాళ్ల కోసం చెబుతాను. నేను పదో తరగతి. పక్క వీధి అన్నయ్యను బతిమాలి తెచ్చుకున్న గిటారు. ఒక సినిమా పాట ఆరు నెలలు సాధన చేశాను. సంగీతం టీచరుగారు హార్మోనియం, నేను గిటారు. రిహార్సల్లో ఆవిడ ఒకటే మాట చెబుతూ వచ్చారు: "రెండో కాలంలోనే ఉండరా. మూడో కాలం నువ్వు పిలవకపోయినా వస్తుంది." స్టేజీ ఎక్కాక మా క్లాసువాళ్లు చప్పట్లతో తాళం అందుకున్నారు. చప్పట్ల వేగం పెరిగింది, దానితో పాటు నేనూ పెరిగాను. చరణం సగానికి వచ్చేసరికి ఎడమ చెయ్యి ఒక తీగ మీద, కుడి చెయ్యి ఇంకో తీగ మీద ఉన్నాయి. పిక్ వేళ్లలోంచి జారి గిటారు పొట్టలోకి పడిపోయింది. గిటారును బోర్లించి నేను దులుపుతుంటే సభంతా ఒకటే నవ్వు. టీచరుగారు మాత్రం ఆగలేదు. ఆ చరణం హార్మోనియం మీద పూర్తి చేసి, పల్లవి అందుకుని, పాట ముగించి, సభకు నమస్కారం పెట్టమని నాకు సైగ చేశారు. నేను పెట్టలేదు. మెట్లు దిగి పారిపోయాను. మర్నాటి నుంచి ఆవిడ ఈ వరండాలో కనిపిస్తే నేను ఆ వరండాలోంచి వెళ్లేవాడిని. ఆ తర్వాత పరీక్షలు, సెలవులు, కాలేజీ.

అప్పటి నుంచి నలభై ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లూ నా కుడి చెయ్యి చేసిన తప్పేమిటో నాకు సరిగ్గా అర్థం కాలేదు. అర్థమైంది మూడేళ్ల క్రితం, అదీ మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో.

మైత్రీవనంతో నా పరిచయం పాతదే. 1997లో నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజినీరుగా చేస్తున్నాను. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని ప్రపంచమంతా కంగారు పడుతున్న రోజులు. కోబాల్ వస్తే చాలు విమానం ఎక్కవచ్చని అందరూ అనేవారు. షిఫ్టు అయ్యాక బస్సు పట్టుకుని వచ్చి నేనూ ఒక కోర్సులో చేరాను. గోడల మీద రోజుల లెక్కే కనిపించేది. 30 రోజుల్లో ఇది, 45 రోజుల్లో అది. మొదటి మూడు రోజులు డెమో ఉచితం. నాకు కోబాల్ అబ్బలేదు. కానీ మా బ్యాచ్‌లో ఒక కుర్రాడికి వీసా వచ్చి, హాస్టల్ గది ఖాళీ చేస్తూ మంచం, బకెట్టు, గిటారు అమ్మకానికి పెట్టాడు. నేను గిటారు కొన్నాను. ఆ కోర్సు నుంచి నాకు మిగిలింది అదొక్కటే.

ఆ గిటారు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా చేతిని పాడు చేయడం మొదలుపెట్టింది అదే. దానికి తీగలు చాలా ఎత్తులో ఉండేవి. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య దూరాన్ని గిటారు వాళ్లు యాక్షన్ అంటారు. మామూలు అకూస్టిక్ గిటారుకు అది రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయి. నా దానికి నాలుగున్నర ఉండేది. ఫ్యాక్టరీలో మైక్రోమీటరుతో మిల్లీమీటరులో వందో వంతు కొలిచేవాణ్ని, ఇంట్లో గిటారు యాక్షన్‌ను మాత్రం ఇరవై ఏళ్లపాటు కొలవలేదు. వేళ్లు కాయలు కాసి, చర్మం ఊడితే దాన్నే తపస్సు అనుకున్నాను. నొప్పి ఉంటేనే విద్య వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో ఎక్కువ. ఆ నమ్మకం వల్ల ఎంతమంది పిల్లలు వాద్యాలు అటక ఎక్కించారో!

జీతం పెరిగింది, గిటార్లూ పెరిగాయి. విదేశం వెళ్లిన ప్రతి మిత్రుడి పెట్టెలో నా కోసం ఏదో ఒకటి ఉండేది. పెడళ్లు, కేబుళ్లు, యాంప్లిఫయర్. మోటు తీగలు వాడితేనే నాదం గంభీరంగా ఉంటుందని ఎక్కడో చదివి అవే తగిలించాను. వేగం రావడం లేదంటే గిటారు మంచిది కాదనీ, ఇంకోటి కొనాలనీ అనుకునేవాడిని. 2016లో, నలభై ఆరేళ్ల వయసులో, ఇక ఎలాగైనా సాధించాలని రోజుకు రెండు గంటలు, అదీ చేతనైనంత వేగంగా మీటడం మొదలుపెట్టాను. ఆరు వారాలకు కుడి మోచేయి బయటి వైపున నొప్పి మొదలైంది. పదో వారానికి నీళ్ల చెంబు ఎత్తలేకపోయాను. ఆఫీసులో సంతకం పెట్టాలన్నా ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకునేవాడిని. టెన్నిస్ ఎల్బో అన్నారు. నేను జీవితంలో టెన్నిస్ బ్యాటు పట్టలేదు. ఎనిమిది నెలలు గిటారు ముట్టలేదు, ఆ తర్వాత భయంతో ముట్టలేదు. సెట్టింగు చూడాలన్నా బోల్టు బిగించాలన్నా నా ఉద్యోగంలో ఆ చెయ్యి కావాలి. పాట కోసం అన్నం పెట్టే చెయ్యి పోగొట్టుకుంటావా అని మా ఆవిడ అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు.

మూడేళ్ల క్రితం ఒక సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో రైలు మారబోతూ, ఎందుకో మారకుండా కిందికి దిగాను. మనం చదువుకున్నప్పటి అమీర్‌పేటలో ఇప్పుడు మిగిలింది తక్కువే. సత్యం థియేటరు స్థానంలో మల్టీప్లెక్స్ లేచింది. మైత్రీవనం దగ్గర కరపత్రాలు పంచే కుర్రాళ్లు మాత్రం అలాగే ఉన్నారు. నా తెల్ల జుట్టు చూసి ఒకడు ఇవ్వబోయిన కాగితం వెనక్కి తీసుకున్నాడు. కొంచెం మనసు చివుక్కుమంది, అడిగి మరీ తీసుకున్నాను. వెనక సందులో తలెత్తి చూస్తే మూడంతస్తుల బోర్డులు. మొదటి అంతస్తు పైథాన్, రెండో అంతస్తు శాప్, మూడో అంతస్తు గిటారు, కీబోర్డు. ఎక్కాను.

నేర్పే అబ్బాయికి ఇరవై ఆరేళ్లుంటాయి. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, సాయంత్రం గిటారు పాఠాలు. నా పిల్లల కంటే చిన్నవాడు, అయినా నాకు గురువే, ఏం చేస్తాం.

"ఎన్నేళ్ల నుంచి వాయిస్తున్నారు అంకుల్?"

"పాతికేళ్లు."

ఒక నిమిషం విన్నాడు. "ఏమీ అనుకోకండి అంకుల్, మీరు భుజంతో మీటుతున్నారు."

నేను నమ్మలేదు. అతను వాదించకుండా ఫోన్ తీసి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో నా కుడి చేతిని వీడియో తీసి చూపించాడు. చూస్తే సిగ్గేసింది. తీగను మీటాక పిక్ మూడు సెంటీమీటర్ల దూరం వెళ్లి వెనక్కి వస్తోంది. గిటారు మీద రెండు తీగల మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు. అంటే ఒక్క తీగను మీటడానికి నేను మూడు తీగల మీదుగా గాల్లో షికారు తిరిగి వస్తున్నాను. తీగను దాటి తిరిగి రావడానికి అర సెంటీమీటరు చాలు.

ఇక్కడ నాలోని ఇంజినీరు మేలుకున్నాడు. కుట్టుమిషను సూదిలాగా అటూ ఇటూ ఆడే దేన్నైనా ప్రతి కొసలో ఆపాలి, వెనక్కి తిప్పాలి. ఆడే దూరం మారకుండా వేగం రెండింతలు చేస్తే, ఆపి తిప్పడానికి కావలసిన బలం నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. నేను పాతికేళ్లుగా ఆ తొమ్మిదింతల బలాన్ని భుజం నుంచీ మోచేయి నుంచీ పిండుతున్నాను. అదే వేగంలో దూరాన్ని ఆరో వంతుకు తగ్గిస్తే బలం కూడా ఆరో వంతే చాలు. ఈ లెక్క నాకు బీటెక్ మొదటి ఏడాది నుంచీ తెలుసు. మిషన్లకు వేశాను గానీ నా మోచేతికి ఎప్పుడూ వేయలేదు.

దూరం తగ్గించడం అంటే చెప్పినంత తేలిక కాదు. ముందు పిక్ పట్టు మారాలి. నేను పిక్‌ను బొటనవేలు తెల్లబడేలా నొక్కిపట్టేవాడిని. ఆ బిగువు మణికట్టుకూ, అక్కడి నుంచి మోచేతికీ ఎక్కేది. ఎంత పట్టు సరిపోతుందో నాకు అర్థమైంది మా అమ్మ ముగ్గు వేసే తీరు తలుచుకున్నాక. ముగ్గుపిండిని బిగించి పట్టుకుంటే గీత రాదు, వదిలేస్తే కుప్పపడుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ చిటికెడు పట్టు ఉంటే చాలు. పిక్ మొన మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి బయట ఉండక్కర్లేదు. పిక్‌ను తీగకు సమాంతరంగా కాకుండా కొద్దిగా ఏటవాలుగా తిప్పితే, అంచు తీగ మీంచి జారుతుంది, తట్టుకోదు. తీగ తట్టుకోకపోతే గట్టిగా పట్టుకోవలసిన అవసరమూ ఉండదు.

రెండో నెలలో మా కుర్ర గురువు అభ్యాసాల కాగితం ఇచ్చాడు. అది చూసి నవ్వు వచ్చింది. మన బడిలో సంగీతం క్లాసుకు వెళ్లినవాళ్లందరికీ ఆ పాఠాలు వచ్చు. ఒక్కో స్వరం వరుసగా ఎక్కి దిగడం, అవి సరళీ స్వరాలు. ఒక్కో స్వరం రెండేసి సార్లు, అవి జంట స్వరాలు. మధ్యలో స్వరాలు వదిలి దూకడం, అవి దాటు స్వరాలు. ఇంగ్లీషు పేర్లతో ఉన్నాయి, అంతే. వేలకు వేలు పోసి నేను కొన్న విదేశీ పుస్తకాల్లోనూ మూడొంతులు ఇవే.

జంట స్వరాల గురించి ఒక్క మాట ఎక్కువ చెబుతాను. స స, రి రి, గ గ. గిటారు మీద మొదటి స కిందికి మీటుతాం, రెండోది పైకి. పైకి మీటే మీటు ఎవరికైనా బలహీనంగానే ఉంటుంది, ఆ లోపం మెల్లగా వాయించినప్పుడు వినిపించదు, వేగంలో ఒకటి పలికి ఒకటి మింగినట్టవుతుంది. టీచరుగారు జంటలు పాడించేటప్పుడు రెండో స్వరం మీద ఒత్తు పెట్టమనేవారు. చిన్నప్పుడు అదేదో గొంతుకు సంబంధించిన సంగతి అనుకున్నాను. గిటారు మీద ఆ ఒత్తు సరిగ్గా పైకి మీటే మీటు మీద పడుతుంది. మూడు నెలలు రెండో స్వరం మీద ఒత్తుతో జంటలు వాయిస్తే నా పై మీటుకు బలం వచ్చింది. ఆవిడకు గిటారు వాయించడం రాదు, అయినా నాకు కావలసిన మందు ఆరో తరగతిలోనే ఇచ్చేశారు.

తీగ నుంచి తీగకు దాటడం ఇంకో చిక్కు. ఒక తీగ మీద రెండు స్వరాలో నాలుగు స్వరాలో ఉంటే, తర్వాతి తీగను ఎప్పుడూ కింది మీటుతోనే మొదలుపెడతాం. మూడు ఉంటే తర్వాతి తీగ పై మీటుతో మొదలవుతుంది. తిస్ర నడకలో ప్రతి దెబ్బకూ ఇలా తలకిందులవుతుంది. చెయ్యి తడబడేది సాధారణంగా ఇక్కడే. నేను వేగం చాలలేదనుకున్న చోట్లన్నీ తర్వాత చూసుకుంటే తీగ దాటే చోట్లే. ఆ రెండు స్వరాలను మాత్రం విడదీసి, అవే వంద సార్లు వాయించాలి. పాటంతా వంద సార్లు వాయిస్తే తప్పే వంద సార్లు సాధన అవుతుంది. ఇంకో సంగతి, కుడి చేతి వేగం తక్కువని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు లోపం ఎడమ చేతిలో ఉంటుంది. వేలు మెట్టు మీద ఆనే క్షణమూ పిక్ తగిలే క్షణమూ ఒకటి కాకపోతే, కుడి చెయ్యి ఎంత వేగంగా ఉన్నా ఏం లాభం?

కాలాల సంగతికి వస్తాను. నిమిషానికి 60 దెబ్బల తాళం వేస్తే, మొదటి కాలంలో సెకనుకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం మారదు, లోపల నిండేది మారుతుంది. మెట్రొనోమ్ పెట్టుకుని సాధన చేసే గిటారు వాళ్లు ఇలా రెట్టింపు చేయరు. 60 నుంచి 62, 64 అంటూ ఎక్కుతారు. నేను రెండూ చేశాను, రెండింటిలోనూ ఒక లోటు ఉంది. మెల్లగా వాయించేటప్పుడు ఏ కదలికైనా పనిచేస్తుంది. భుజంతో మీటినా పలుకుతుంది. ఆ భుజపు కదలికనే రెండేసి అంకెలు పెంచుకుంటూ పోతే ఒక చోట గోడ తగులుతుంది, ఆ గోడ దగ్గరే నా మోచేయి విరిగింది. అందుకని మా కుర్ర గురువు ఒక ఉపాయం చెప్పాడు. మొదటి కాలం తాళంలో ఉంటూ, నాలుగు స్వరాలు మాత్రం మూడో కాలంలో చటుక్కున మీటి ఆగిపోవాలి. ఆ నాలుగింటికీ చెయ్యి ఏ కదలికను ఎంచుకుందో చూసుకోవాలి. సాధారణంగా అది చిన్నదీ, మణికట్టుదీ అయి ఉంటుంది. ఇక ఆ కదలికనే మొదటి కాలానికి తెచ్చుకుని మెల్లగా సాధన చేయాలి. అంటే మెల్లగా వాయించే చెయ్యి కూడా వేగపు చెయ్యే అయి ఉండాలి.

నేను లాగ్‌బుక్ రాసే మనిషిని కాబట్టి నా అంకెలు చెబుతాను. దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున, తప్పు లేకుండా, నొప్పి లేకుండా, చేరిన రోజున 66. నాలుగు నెలలకు 84. ఇప్పుడు 104. అంటే సెకనుకు దాదాపు ఏడు స్వరాలు. ఇరవై ఏళ్ల పిల్లలు దీనికి నవ్వుతారు. నవ్వనివ్వండి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు సార్లు, మధ్యలో విశ్రాంతి. మోచేతిలో కొంచెం వెచ్చదనం తెలిసినా ఆ రోజుకు పెట్టె మూసేస్తాను. వయసు యాభై దాటినవాళ్లకు నా మనవి ఇదొక్కటే, నొప్పితో బేరాలు ఆడకండి.

ఇక వస్తువుల సంగతి. ఎక్కువమంది అడిగేది ఇదే: ఏ గిటారు కొనాలి? నేను కొన్న వరుసను తిరగేస్తే సరైన వరుస వస్తుంది. ముందు పిక్, తర్వాత తీగలు, తర్వాత సెటప్, అన్నిటికీ ఆఖరున గిటారు.

పిక్ నలభై రూపాయలు. అర మిల్లీమీటరు మందంది తీగను తాకగానే వంగుతుంది, వంగింది లేచేదాకా మీటు ఆలస్యమవుతుంది. పాటకు తోడుగా అన్ని తీగలూ కలిపి వాయించేవాళ్లకు ఆ మెత్తదనమే అందం. ఒక్కో స్వరం విడిగా పలికించేవాళ్లకు మిల్లీమీటరు, ఆపైన మందం ఉన్నది నయం. రకానికొకటి చొప్పున పది కొనుక్కుని వారం వాయించి చూడండి. ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు. సరోద్ వాద్యకారులు కొబ్బరి చిప్పతో చేసిన జవాతో మీటుతారు. మన వైణికులు వేలితోనే మీటుతారు. వాద్యానికి ఏది సరిపోతే అది.

తీగల లెక్క మన ఇంటర్ ల్యాబులో సోనోమీటరు లెక్కే. శ్రుతి మారకుండా తీగ మందం పెరిగితే, బిగువు మందం వర్గంతో పెరుగుతుంది. గిటారు తీగల నంబరు అంటే అంగుళంలో వెయ్యో వంతులు. మొదటి తీగ 9 నంబరు వేస్తే బిగువు సుమారు 6 కిలోలు, 10 నంబరు వేస్తే 7 కిలోలు దాటుతుంది. ఒక్క నంబరుకు ఇరవై మూడు శాతం తేడా. నేను గాంభీర్యం కోసం వేసిన మోటు తీగలు నా ఎడమ చేతి మీద ఎంత బరువు మోపాయో చూడండి. తీగ పొడవు వర్గంతో కూడా బిగువు పెరుగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో 648 మిల్లీమీటర్ల పొడవువి కొన్ని, 628వి కొన్ని. చూడ్డానికి రెండు సెంటీమీటర్ల తేడానే, బిగువులో ఆరు శాతం. చిన్న చేతులవాళ్లకు, వయసు మళ్లిన వేళ్లకు ఆ ఆరు శాతం తెలుస్తుంది.

సెటప్ అంటే తీగల ఎత్తు, నెక్ వంపు, నట్ గాడుల లోతు సరిచేయడం. మన ఊళ్లో మే నెల ఎండకు చెక్క ఎండుతుంది, వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, నెక్ కదులుతుంది. ఏడాదికి రెండుసార్లు చూపించుకుంటే చాలు. హాస్టల్ కుర్రాడి గిటారు నా దగ్గర ఇంకా ఉంది. చేయి తిరిగిన పనివాడి దగ్గర సెటప్ చేయించాక నాలుగున్నర మిల్లీమీటర్లు రెండున్నరకు దిగింది. ఇరవై ఐదేళ్లు దాన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు రోజూ వాయించేది దాన్నే. మిగతావాటిలో రెండు అమ్మేశాను. ఒకటి నాలుగు కిలోలకు పైగా ఉండేది, నిలబడి వాయిస్తే ఎడమ భుజం పడిపోయేది. పెడళ్లు కూడా ఇచ్చేశాను. డిస్టార్షన్ పెడితే పై మీటు, కింది మీటు తేడా కప్పడిపోతుంది, సాధన చేసేవాడికి అంతకంటే చేటు లేదు.

వాయించే తీరుకు తగ్గ వాద్యం అన్నప్పుడల్లా నాకు పాలకొల్లు గుర్తొస్తుంది. మాండలిన్ శ్రీనివాస్‌గారు 1969లో అక్కడ పుట్టారు. ఆరేళ్ల వయసులో తండ్రిగారి మాండలిన్ పట్టుకున్నారు. నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండలిన్ వాయించడం రాదు. వారు పాడితే పిల్లవాడు వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలు, ఎనిమిది తీగలు. మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది, అందుకే పడమటి దేశాల వాళ్లు వణికిస్తూ మీటుతారు. గమకానికి నాదం నిలవాలి, తీగ మీద వేలు జారినా ఊగినా ఒకటే గొంతు పలకాలి. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు మాని, ఐదు ఒంటి తీగలతో వాయించారు. తర్వాత రోజుల్లో రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన కూర్చున్న జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా అంతే. అంతకుముందు 1970ల్లో శక్తి బృందం కోసం మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించిన గిటారు చేయించుకున్నారు, తీగను లాగి మన గమకాలు పలికించడానికి. 2014లో శ్రీనివాస్‌గారు పోయిన రోజు నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆయన వేగం గురించి అందరూ చెబుతారు. నాకు ఆశ్చర్యం ఆ సుబ్బరాజుగారి పాఠం. గురువు గొంతు ముందు చెవిలో పడింది, ఆ గొంతుకు తగ్గట్టు చెయ్యీ, చేతికి తగ్గట్టు వాద్యమూ తర్వాత మారాయి. నేను క్యాటలాగుతో మొదలుపెట్టి చెవి దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది.

సమయం అయిపోతోందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను.

పోయిన నెల టీచరుగారిని ఈ సభకు పిలవడానికి వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలోనే నా పేరు, ఇంటిపేరు, రోల్ నంబరుతో సహా చెప్పారు. నలభై ఏళ్లుగా కూడబెట్టుకున్న క్షమాపణ అంతా చెప్పాను. ఆ రోజు తొందరపడ్డాను, ఆగిపోయాను, మిమ్మల్ని స్టేజీ మీద ఒంటరిగా వదిలేశాను అని. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "ఆగిపోయావా? నాకు గుర్తు లేదురా. పిల్లలు వార్షికోత్సవానికి ఎవరో ఒకరు ఆగిపోతూనే ఉంటారు. మర్నాటి నుంచి నువ్వు క్లాసుకు రాలేదు, అది గుర్తుంది. ఏమైనా అన్నానేమోనని చాలా రోజులు అనుకున్నాను" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కాఫీ తాగి వచ్చేశాను.

కార్యదర్శిగారూ, క్షమించాలి, మీకిచ్చిన మాట తప్పుతున్నాను. గిటారు తెచ్చాను, అదే హాస్టల్ గిటారు. టీచరుగారూ, మీ ముందు హార్మోనియం పెట్టించింది నేనే. ఆ రోజు పెట్టని నమస్కారం ముందు పెట్టేస్తున్నాను, పాట తర్వాత. మా క్లాసువాళ్లు చప్పట్లు కొట్టాలనుకుంటే కొట్టండి గానీ 84 దగ్గరే ఉండండి. పిక్ లోపల పడితే జేబులో ఇంకో రెండు ఉన్నాయి.